పరకాల యాత్ర

గత మాసమున మేము నలుగురు స్త్రీలము హనుమకొండనుండి బస్సెక్కి పరకాలకుఁ బోయితిమి. ప్రతి శుక్రవారమును మా యింటి వసారాలోఁ గూడి గ్రంథములు చదువుకొను అలవాటు మాకుఁ గలదు. నిజాము పాలనలో చెరసాల ననుభవించిన దాశరథిగారి ‘అగ్నిధార’ను ముగించిన పిదప, ఆ కవిత్వమునకుఁ గారణమైన నేలను జూడవలయునని తోఁచినది.

1947 సెప్టెంబరు 2వ తేదీన జాతీయపతాకము నెగురవేయఁ గూడిన జనులపై నిచ్చట తుపాకులు పేలినవి. పలువురు ప్రాణములు గోల్పోయిరి. వారి స్మారకమగు అమరధామమున శిల్పములను జూచుచు మేము మాటలాడలేకపోతిమి. మరుసటి యేట ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లును, నిజాము సైనికులును గ్రామస్థులను వరుసగా నిలిపి కాల్చిరి.

తిరుగుదారిలో, మాతోఁ జదువుకొను ముస్లిము సోదరి మెల్లగా నడిగినది: "అక్కా, మా నాయనమ్మ కన్నీరు ఏ పుస్తకములో నున్నది?"

మేము తెల్లఁబోతిమి. 1948 సెప్టెంబరు సైనికచర్య వెనుక సంస్థానమున ముస్లిములు వేలకొలఁది హతులైరి. సుందర్‌లాల్ సంఘము మృతులు 27,000 మొదలు 40,000 వఱకు నుందురని యంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రకటింపఁబడలేదు.

తిక్కనగారి స్త్రీపర్వమును చిన్ననాఁడు తండ్రిగారి యొద్దఁ జదివితిమి. గాంధారి తన కొడుకులకొఱకే గాక, అభిమన్యునిపైఁ బడి యేడ్చు ఉత్తరను జూచియు వగచును. నాఁడు ఆ ఘట్టమును ఊరకే దాఁటిపోతిమి, నేఁడర్థమైనది. వచ్చు శుక్రవారమున మేము పుస్తకము తెఱవము. ఆ సోదరి తన నాయనమ్మ కథను జెప్పును, మేము విందుము.