అద్దాల తొట్టికి అలుగు

అక్వేరియం షాపుకు వెళ్ళినవాళ్ళు చేపల దగ్గర ఆగుతారు. నేను స్టాండు తలుపు తెరిచి కిందకు వంగుతాను. పైన ఏంజెల్ చేపలు ఎంత వయ్యారంగా తిరుగుతున్నా, కింద గొట్టాలు ఎటు వంగాయో, వాల్వు ఎక్కడ బిగించారో చూడనిదే నాకు ఆ తొట్టి చూసినట్టుండదు. షాపతను మొదట్లో కంగారుపడి "ఏం పడిపోయింది సార్?" అని తనూ వంగేవాడు.

పెద్ద తొట్టి పెట్టుకునేవాళ్ళలో చాలామంది ఫిల్టరుకు స్టాండు కింద ఇంకో చిన్న తొట్టి కేటాయిస్తారు. ఇంటి నీళ్ళ సంపులాగే దీన్నీ సంపు అనే అంటారు. పైతొట్టిలో అంచుదాకా వచ్చిన నీళ్ళు గొట్టంలో పడి కిందకు దిగుతాయి, స్పాంజీలు దాటుకుని మోటారు చేరతాయి, మళ్ళీ పైకెక్కుతాయి. ఎక్కించే మోటారుకు పేరూ, కంపెనీ, గ్యారంటీ కార్డూ ఉంటాయి. దింపే గొట్టానికి అవేమీ ఉండవు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు. నన్నడిగితే బేరమాడాల్సింది మోటారు దగ్గర, బుర్ర పెట్టాల్సింది గొట్టం దగ్గర. మోటారు ఆగితే చేపలకు కాస్త ఇబ్బంది. గొట్టం ఆగితే మన హాలుకూ, తర్వాత కింది పోర్షన్ వాళ్ళ సీలింగుకూ, ఆ తర్వాత వాళ్ళతో మన మాటలకూ ఇబ్బంది.

చెరువులు కట్టినవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. కావలసిన నీళ్ళు వదలడానికి తూము, మీదపడిన నీళ్ళు పోవడానికి అలుగు. అలుగు చాలకపోతే ఎంత లావు కట్టయినా ఒక్క పెద్దవానకు తెగుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ రాతి మీద చెక్కించాడు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం ఒకటి, నీళ్ళు ఎక్కువై పొలం తక్కువ కావడం ఇంకొకటి. సిలికాన్‌తో అతికించిన అద్దాలకు మొదటి దోషం ఎలాగూ వర్తిస్తుంది. సంపు సైజు తేల్చేటప్పుడు నాకు గుర్తొచ్చేవి మాత్రం చివరి రెండూ. పైన ఎంత, కింద ఎంత అన్న పొత్తు కుదరడమే అసలు పని.

నేను ఇంటి తొట్టికి కాగితం మీద బొమ్మ గీస్తుంటే మా ఆవిడ కాసేపు చూసి, "కరెంటు పోతే ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయండీ?" అంది. అంతకంటే మంచి ప్రశ్న ఈ విషయంలో ఎవరూ వేయలేరు. ఇన్వర్టర్ ఉందిగా అనడం జవాబు కాదు, దాని బ్యాటరీ కూడా ఏదో ఒకరోజు చేతులెత్తేస్తుంది.

లెక్క చూద్దాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో నిండా పోస్తే దాదాపు 255 లీటర్లు పడతాయి. ఇందులో మట్టం ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు పోయినట్టు. మోటారు ఆగగానే, పైతొట్టి అంచున పళ్ళు కోసిన అలుగు మీంచి పారుతున్న పొర కిందకు జారుతుంది, అది కొంచెమే. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. నీళ్ళను పైకి మోసిన గొట్టమే ఇప్పుడు వాటిని వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. దాని మూతి నాలుగంగుళాల లోతున మునిగి ఉందనుకోండి, మూతికి గాలి తగిలేదాకా లాగుతూనే ఉంటుంది. మొత్తం 56 లీటర్లు. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న సంపులో పట్టేదే 70. అది మామూలుగా నడిచేటప్పుడే సగానికి పైగా నిండి ఉంటుంది. మిగతాది నేల మీద వెతుక్కోవాలి.

దీనికి ఆ గొట్టంలో, నీటిమట్టానికి కాస్త కింద సన్నటి చిల్లు పెట్టమంటారు. మట్టం చిల్లు దాకా దిగగానే గాలి దూరి లాగడం ఆగుతుంది. ఆ చిల్లులో పాచి పెరుగుతుంది, బుల్లి నత్త కాపురం పెడుతుంది. ఎన్నార్‌వీ అనే, నీళ్ళను వెనక్కి రానివ్వని వాల్వు బిగించమంటారు. దాని మూత కింద ఇసుక రేణువు పడితే అది సగమే మూస్తుంది. వీటన్నిటికంటే చవకైనదీ నమ్మదగినదీ ఆ మూతిని నీటి పైపొరకు అర అంగుళం కిందే ఉంచడం. చేపలు వేయకముందే మోటారు నడుస్తుండగా మెయిన్ స్విచ్ ఆపేసి, సంపులో మట్టం ఎక్కడిదాకా లేస్తుందో చూడాలి. అక్కడ కాస్త జాగా మిగిలిందీ అంటే, మామూలుగా నడిచేటప్పటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఇంట్లో అందరికీ చూపించాలి. వేసవిలో ఆవిరైన నీళ్ళు భర్తీ చేస్తూ ఆ గీత దాటించేవాళ్ళే ఎక్కువ.

రెండో లెక్క దీనికి తిరగేసింది. కరెంటు ఉంది, దింపే గొట్టం మూసుకుపోయింది. ఓ నత్త చాలు, పొడుగాటి నాచుపోగు చాలు. అప్పుడు మోటారు తన అరలో ఉన్న నీళ్ళన్నీ పైకి తోడేస్తుంది. పైన రెండంగుళాల ఖాళీ ఉంటే 28 లీటర్లు పడతాయి. మోటారు అరలో 20 లీటర్లే ఉంటే నీళ్ళు అయిపోయి మోటారు కాలుతుంది, నేల పొడిగా ఉంటుంది. 40 ఉంటే నేల తడుస్తుంది, తోడటానికి నీళ్ళున్నంతసేపూ మోటారు నిక్షేపంగా నడుస్తుంది. నేను మోటారు కాలడానికే ఓటేస్తాను.

ఇక చప్పుడు. ఒకే గొట్టం పెడితే నీళ్ళతోపాటు గాలినీ మింగి రాత్రంతా గుటకలేస్తుంది. గొట్టం తలకు వంపు పెట్టి, పైన గాలి చిల్లు పెడితే ఆ గోల చాలా తగ్గుతుంది. అది డర్సో పద్ధతి. పూర్తిగా నోరు మూయించాలంటే గొట్టం నిండుగా, గాలి లేకుండా దిగాలి. వసుదేవుడి గిన్నె అని ఇత్తడిది ఒకటుంటుంది. గిన్నె మధ్యలో వసుదేవుడు, చేతుల్లో బాలకృష్ణుడు. నీళ్ళు పోస్తూ పోతే, కృష్ణుడి పాదం తాకగానే గిన్నెడు నీళ్ళూ అడుగునుంచి జారిపోతాయి. యమున తగ్గిన కథను కంచరివాళ్ళు లోపల దాచిన వంకర గొట్టంతో చెప్పారు. వంపు నిండిందంటే ఇక లాగుడే.

తొట్టిలో ఆ లాగుడుకు గేట్ వాల్వుతో కళ్ళెం వేస్తారు. బాల్ వాల్వుతో అంత సున్నితంగా తిప్పడం కుదరదు. కానీ మోటారు పోసేదీ గొట్టం లాగేదీ చుక్క తేడా లేకుండా సరితూగవు. ఆ తేడాను మోయడానికి పక్కన రెండో గొట్టం ఉంటుంది. రెండూ మొండికేస్తే ఆదుకోవడానికి, కాస్త ఎత్తున మూడోది. బీన్ యానిమల్ పేరుతో చెలామణీ అయ్యే పద్ధతి ఇదే. మూడో గొట్టం ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, దానికి వాల్వు పెట్టకూడదు. మా ప్లంబర్‌కు ఇది అస్సలు నచ్చలేదు. "నీళ్ళు పోని పైపు ఎందుకన్నా, డబ్బు దండగ!" అని కనీసం వాల్వయినా పెడతానని పట్టుబట్టాడు.

అతనితో నేను ఇంకో విషయంలోనూ వాదించాల్సి వచ్చింది. అర అంగుళం గొట్టాలు రెండు పెడితే అంగుళం గొట్టంతో సమానమని అతని లెక్క. వ్యాసం రెట్టింపైతే లోపలి జాగా నాలుగింతలవుతుంది. గోడలకు రాసుకుపోయే నష్టం సన్న గొట్టంలో ఎక్కువ కాబట్టి నాలుగు పెట్టినా సమానం కావు. నిండుగా దిగే గొట్టం కింది మూతిని సంపు నీటిలో అంగుళం కంటే లోతుకు ముంచకూడదని మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ముంచితే, కరెంటు తిరిగొచ్చినప్పుడు లోపల చిక్కిన గాలి బయటపడలేక గొట్టం మొరాయిస్తుంది.

గాజుకు చిల్లు వేయించడం తొట్టి కొనకముందు ఆలోచించాల్సిన పని. టఫెన్డ్ గ్లాసుకు డ్రిల్లు తగిలితే పలకంతా గుండైపోతుంది. రెడీమేడ్ తొట్టుల్లో అడుగు పలక అలాంటిదే కావచ్చు, అడిగి తెలుసుకోవాలి. ట్యాంక్ నిపుల్‌ను కొని చేతిలో పెట్టుకున్నాకే చిల్లు కొలత చెప్పాలి. రబ్బరు వాషర్ నీళ్ళవైపు ఉండాలి. పానా పట్టుకుని బలం చూపిస్తే పగిలేది నిపుల్ కాదు, గాజు.

అలుగుకు పళ్ళు ఎంత దగ్గరగా కోయించినా గప్పీ పిల్లలు దాటేస్తాయి. వాటి గురించి బెంగ అక్కర్లేదు. పైన ఉంటే తల్లే తినేస్తుంది. మోటారు మూతికి స్పాంజీ తొడిగి ఉంటే కింద, చీకట్లో, గడ్డీగాదం తిని చక్కగా పెరుగుతాయి. గప్పీలు పెంచేవాళ్ళు సంపు కడిగే రోజున ఓ మగ్గుతో నీళ్ళు పక్కన పెట్టుకునే కూర్చుంటారు.