పువ్వు చెప్పని పేరు

మార్నింగ్ గ్లోరీ అన్న ఇంగ్లీషు పేరుకు సమానమైన ఒక్క తెలుగు మాట కోసం చాలాకాలం వెదికాను. దొరకలేదు. వెదకగా వెదకగా తోచినదేమంటే, ఈ కుటుంబాన్నంతటినీ ఒకే పేరుతో పిలవవలసిన అవసరం మనవాళ్ళకు కలగలేదు. పొద్దున విచ్చి, ఎండ ముదిరేసరికి వాడిపోయే గరాటు పువ్వును చూసి ఇంగ్లీషువారు పేరు పెట్టారు. మనవాళ్ళు చాలావరకు ఆకును, కాడను, అది తినడానికి పనికివస్తుందా లేదా అన్నదాన్ని చూశారు.

మొక్కను గుర్తుపట్టడానికి ఈ రెండో పద్ధతే మేలు. చెరువులోని తూటికూర, చేలోని చిలగడదుంప తీగ, సముద్రపు ఇసుకలో పాకే బాలబందితీగ, ఈ మూడింటి పూలూ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఆకు చూడగానే సందేహం తీరిపోతుంది. బాలబందితీగ ఆకు కొసన చీలి మేక గిట్టలా ఉంటుంది. 1753లో లిన్నేయస్ దానికి పెట్టిన లాటిన్ పేరుకు అర్థం కూడా మేకపాదమే. కాశీరత్నం ఆకు ఈకలా సన్నగా చీలి ఉంటుంది. ఎర్రని నక్షత్రం వంటి పువ్వు లేని రోజున కూడా దాన్ని పోల్చుకోవచ్చు.

పెరటి తీగల విషయంలో మాత్రం ఆకు ఒక్కటే చాలదు. పువ్వును వెనక్కు తిప్పి రక్షక పత్రాలను చూడాలి. అవి పొడవుగా, కొసలు సన్నగా సాగి ఉండి, ఆకు మూడు తమ్మెలుగా చీలి ఉంటే అది చాలావరకు ఐపోమియా నిల్. జపానువారు 'ఉదయ వదనం' అనే అర్థంలో అసగావొ అని పిలుచుకునేది దీన్నే. టోక్యోలోని ఇరియాలో ఏటా జులై 6 నుంచి 8 వరకు దీనికోసం సంత జరుగుతుంది. యునానీ వైద్యంలో విరేచనానికి వాడే కాలాదానా దీని గింజే. రక్షక పత్రాలు పొట్టిగా ఉండి, ఆకు హృదయాకారంలో, కాడ నూగుతో ఉంటే పర్పూరియా. నూగు లేకుండా, పువ్వు ఆకాశపు నీలంలో ఉంటే ట్రైకలర్. దీని మొగ్గ ఎరుపు కలిసిన ఊదాగా ఉండి, విచ్చేటప్పుడు నీలమవుతుంది. రేకు కణాల్లోని రసపు పీహెచ్ 6.6 నుంచి 7.7కు పెరగడమే అందుకు కారణం. రంగే ఇలా మారేటప్పుడు, రంగును నమ్మి పేరు చెప్పడం ఎలా?

ఇదంతా కాలక్షేపానికి చెబుతున్నది కాదు. చెరువు గట్టున తూటికూర పక్కనే మరొకటి పెరుగుతుంది: ఐపోమియా కార్నియా. తెలంగాణలో లొట్టపీసు అంటారు. కోస్తాలో తూటిచెట్టు అనడమూ విన్నాను. ఆ పేరు వింటేనే నాకు భయం, కూరకూ విషానికీ నడుమ ఒక్క మాట తేడాయే మిగులుతుంది కనుక. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన ఈ మొక్క కంచెగా నాటుకుంటే కాలువగట్లన్నీ కమ్మేసింది. దీనిలోని స్వైన్సోనిన్ అనే విషం, కణాల్లో చక్కెరలను విడగొట్టే ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. వారాల తరబడి మేసిన మేకలు నరాలు దెబ్బతిని తూలుతాయి. మొదట ముట్టని పశువు కరవుకాలంలో రుచి మరిగితే, తరవాత దాన్నే వెదుక్కుంటూ పోతుంది.

తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తూటికూర నీటిమీద తేలుతూనో, బురదలో పాకుతూనో, కణుపు కణుపునా వేళ్ళు వేస్తుంది. ఆకు చాలాసార్లు బాణపు ములికిలా ఉంటుంది. లొట్టపీసు మనిషెత్తు పొదగా నిలబడుతుంది. ఆకు హృదయాకారంలో ఉండి కొస సాగుతుంది. గింజల మీద పొడవైన పట్టు వంటి నూగు ఉంటుంది. అసలు తూటికూర అయినా సరే, మురుగు చేరే చెరువుదైతే వద్దు. అది నీటిలోని భారలోహాలను తనలోకి పీల్చుకుంటుంది.

తెలంగాణ మాటల్లో విలువలేని దాన్ని లొట్టపీసు అని కొట్టిపారేస్తారు. అంత తేలిగ్గా తీసిపారేయవలసిన మొక్క కాదది. ఊరి పేర్లు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఏ ఆకు కూర, ఏ ఆకు విషం అన్న ఎరుక ఆ పేర్లలోనే ఉంది. మీ ఊళ్ళో ఈ రెండింటినీ ఏమని పిలుస్తారో పెద్దలను అడిగి రాసిపెట్టండి. వీలైతే పువ్వుతో పాటు ఆకునూ ఫొటో తీయండి.