కరువు సీమలో సముద్రం లెక్క

మా పుట్టపర్తి నుంచి ఏ వైపు వెళ్లినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. చిత్రావతిలో నీళ్ల కంటే ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. కానీ దేశదేశాల వాళ్లు వచ్చే ఊరు కదా, సముద్రం కబుర్లకు మాత్రం కరువు లేదు. ఓ సాయంత్రం టీ కొట్టు దగ్గర పరిచయమైన విదేశీ పెద్దాయన, తెరచాప పడవలో అట్లాంటిక్ దాటానని చెప్పాడు. "ఫస్ట్ వచ్చారా?" అన్నాను. "ఏ క్లాసులో?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఆయన వెళ్లింది అట్లాంటిక్ ర్యాలీ ఫర్ క్రూజర్స్‌కి. ముద్దుగా ఆర్క్ అంటారు. 1986లో జిమ్మీ కార్నెల్ మొదలుపెట్టాడు. ఏటా నవంబరులో కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి బయల్దేరి, కరీబియన్‌లోని సెయింట్ లూసియా చేరాలి. దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, అంటే 5,000 కిలోమీటర్లు.

ఇందులో రేసు కోసమే కట్టిన పడవలుంటాయి, పిల్లాజెల్లాతో కుటుంబాలు వెళ్లే పడవలూ ఉంటాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? అందుకే రేసింగ్, క్రూజింగ్, రెండు మూడు పొట్టలుండే పడవలకు మల్టీహల్ అంటూ వేరువేరు విభాగాలు.

ఒక విభాగంలోనూ పడవలన్నీ సమానం కాదు. రేసింగ్‌లో ఐఆర్‌సీ అనే పద్ధతిలో పొడవు, బరువు, తెరచాపల వైశాల్యం చూసి ప్రతి పడవకీ ఒక నంబరు ఇస్తారు. పట్టిన సమయాన్ని దాంతో గుణిస్తారు. ఉదాహరణకి 1.100 నంబరున్న పడవ 360 గంటల్లో చేరితే లెక్కలో 396. 0.950 నంబరున్నది 408 గంటలకు చేరితే 387.6. రెండు రోజులు వెనకొచ్చిన పడవే గెలిచింది! ఆ నంబరు తేల్చే ఫార్ములా మాత్రం బయటపెట్టరు. మన భాషలో క్లోజ్డ్ సోర్స్ అన్నమాట.

నాకు మా శెనక్కాయ చేలు గుర్తొచ్చాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మాది. ఎకరాకి ఎన్ని బస్తాలని అడిగి, కాలవ కింద పొలంతో పోల్చేస్తారు. ఈ చేనుకి నంబరు ఎవరిస్తారు?

క్రూజింగ్‌లో ఇంకో తమాషా. గాలి ఆగితే ఇంజన్ వాడుకోవచ్చు, కానీ ఎన్ని గంటలు వాడారో చెప్పాలి. దాన్నిబట్టి ఫలితం మారుతుంది. నడి సముద్రంలో చూసేవాడెవడు? కెప్టెన్ మాటే సాక్ష్యం.

మనవాళ్లూ సముద్రం గెలిచారు. నేవీ పడవ తరిణిలో భూగోళాన్ని చుట్టొచ్చిన ఆరుగురు మహిళల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 2018 మే 21న తిరిగొచ్చారు. అది పోటీ కాదు, కాబట్టి క్లాసూ లేదు, ర్యాంకూ లేదు.

ఆర్క్ పడవల్ని ఫోన్లో మ్యాప్ మీద చూడొచ్చు. ఈ నవంబరులో ఓసారి తెరవండి. ముందున్న చుక్కని అందరూ చూస్తారు. వెనకున్న చుక్క ఏ క్లాసుదో మీరు చూడండి.