శుశ్రూషకొక పద్దు

ముప్పదియేండ్లకు పైగా మేము ఒక ఆసుపత్రి రికార్డు గదిలో గుమాస్తాగా పనిచేసితిమి. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి. వరకే. వైద్యము మాకు తెలియదు. వైద్యమునకు పద్దు వ్రాయుట మాత్రము తెలియును. రోగి ఇల్లు చేరినను, కాటికి చేరినను, అతని కాగితముల కట్ట మా బల్లమీదికి రావలసినదే. రోగము పేరు చూచి, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పట్టికలోని సంకేతము వేసి, చివరి గడిలో "నయమైనది", "కుదుటపడినది", "మరణించెను" అను వానిలో ఒకటి వ్రాసి కట్టను అలమారులో పెట్టుచుంటిమి. ఆ కట్టలో అన్నిటికంటె లావుగా నుండునవి నర్సులు వ్రాసిన కాగితములు. వానికి సంకేతము లేదు గనుక మేము వానిని ఏనాడును చదివినవారము కాము.

ఆ చదువకపోవుట ఎంత లోపమో మా యింటనే తెలియవచ్చినది. 2022లో, కృష్ణగిరిలో నుండు మా పెద్దక్క జారిపడి తుంటి యెముక విరుగగొట్టుకొన్నది. డెబ్బదియెనిమిదేండ్ల మనిషి. ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసి, మూడు వారములకు పంపివేసిరి. కాగితమున "ఎస్ 72.0, కుదుటపడినది" అని యున్నది. హోసూరు దగ్గర మా మేనకోడలు కాపురమున్న పల్లెకు తెచ్చి, ప్రక్కకు త్రిప్పి చూతుము గదా, నడుము క్రింద అరచేయంత పుండు! ఎముక కుదుటపడినది గాని మనిషి కుదుటపడలేదు. పడకపుండునకు ఆ పట్టికలో ఎల్ 89 అను సంకేతము కలదు, వేసినవారు లేరు. పుండు రాకుండ రాత్రింబవళ్లు ప్రక్క మార్చు నర్సు పనికి మాత్రము అందు చోటే లేదు.

2021 ఆగస్టు 5వ తేదీన తమిళనాడు ప్రభుత్వము "మక్కలై తేడి మరుత్తువం" అను పథకమును మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభించిన సంగతి చదువరులెరుగుదురు. జనులను వెదకికొనివచ్చు వైద్యమని దాని యర్థము. రక్తపుపోటునకు, మధుమేహమునకు మందులు ఇంటికి తెచ్చి యిచ్చుటయే గాక, మంచము విడువలేనివారి కడకు నర్సు వచ్చి సేవచేయుటయు అందొక భాగము. అట్లు వచ్చిన తమిళ సోదరి పుండు కడిగి కట్టు కట్టెను. రెండు గంటలకొకమారు ప్రక్క మార్చవలెననియు, ఈడ్వక ఎత్తి మార్చవలెననియు, దుప్పటి ముడుతలు పడకుండ, తడి లేకుండ చూడవలెననియు, పప్పు, పాలు, గ్రుడ్డు తగ్గింపరాదనియు మా మేనకోడలికి నేర్పెను.

ఒకనాడు ఆమె "వలిక్కుదా?" అని అడిగినది. అక్క లేదన్నది. నొప్పి లేదని నర్సు వ్రాయబోవుచుండగా, అక్క మావైపు తిరిగి, "నొప్పి కాదురా తమ్ముడూ, సలుపు" అన్నది. సలుపునకు తమిళమున మాట మాకు తోచలేదు. లోపల కొట్టుకొనుచున్నట్లున్నదట అని చెప్పితిమి. ఆమె వ్రాయుట మాని మరల కట్టు విప్పి చూచెను. ఒక అంచున చీము పట్టుచున్నది. ఆ సాయంత్రమే వైద్యునికి చూపించితిమి. ఒక్క మాట తప్పిపోయియున్నచో ఏమయ్యెడిదో!

నర్సింగు చదువుచున్న మేనకోడలి కూతురు మాకు అప్పుడొక సంగతి చెప్పినది. ఆసుపత్రులన్నియు ఒకే తీరున లెక్కలుంచవలెనని ఫ్లారెన్సు నైటింగేలు 1860లోనే పాటుపడెను. మరణకారణముల అంతర్జాతీయ పట్టిక 1893లో వచ్చినది. నర్సుల పనికి పేర్లు పెట్టు యత్నము మాత్రము 1973లో అమెరికాలోని సెయింటు లూయీలో జరిగిన సమావేశముతో గట్టిగా ఆరంభమైనది. నర్సు కనుగొనవలసిన కష్టములకు అక్కడ పేర్లు పెట్టుట మొదలిడిరి. తరువాత అయోవా విశ్వవిద్యాలయమువారు నర్సు చేయు పనులకొక పట్టికను 1992లో, రోగియందు కలుగు ఫలితములకొక పట్టికను 1997లో వెలువరించిరి. ఫలితమును ఒకటి మొదలు అయిదు వరకు అంకెలతో కొలుతురు. చర్మము మిక్కిలి చెడియున్న ఒకటి. ఏ కొదువయు లేకున్న అయిదు.

ఇది గుమాస్తాకు నచ్చకుండునా? ఒక నోటుబుక్కు కొని మూడు గడులు గీసితిమి: కష్టము, పని, ఫలితము. మొదటి దినమున ఫలితము క్రింద 2 వేసితిమి. చీము పట్టిన వారము 1. నాలుగు మాసములకు 4. అది మా కంటి అంచనాయే గాని శాస్త్రము కాదు. ఐనను, "కుదుటపడినది" అను ఒక్క మాటతో ముప్పదియేండ్లు మేము కప్పిపుచ్చినదెంతయో ఆ అంకెలు చూపినవి. పద్దులేని పనిని పైవారు గుర్తింపరు. గుర్తింపని పనికి మనుష్యులను మంజూరు చేయరు. ఇది మా కొలువులో మేమెరిగిన నీతి.

పట్టికలు నింపుటతోనే పొద్దు పోవునని నర్సులు విసుగుకొనుట కలదు. అదియు నిజమే. గడులు పెరిగి, రోగి ముఖము చూచుటకు తీరిక లేకున్న ఆ పద్దు వ్యర్థము. ఎంత మంచి పట్టికయైనను, మా అక్క మాట దానికై చెవి యొగ్గినవారివలననే అందులోనికి చేరవలెను.

2023లో అక్క గుండె ఆగి నిద్రలోనే పోయినది. ఊరి లెక్కలో "మరణించెను" అని వ్రాసిరి. కడసారి స్నానము చేయించిన ఆడవారు, "వీపు చంటిబిడ్డ వీపువలె నున్నది" అనిరి. రోగముల పట్టికలో ఓటమియైనది నర్సు పట్టికలో గెలుపు. మా నోటుబుక్కులో ఆనాటి అంకె 5.

మన తెలుగు కుటుంబములకొక మనవి. మంట, పోటు, తీపు, సలుపు, తిమ్మిరి, గుంజుడు అని బాధకు మన పెద్దలు వాడు మాటలు ఒకటి కావు. వానిని తమిళపు అర్థములతో ఒక కాగితముపై వ్రాసి, మంచమున నున్న పెద్దల ప్రక్క గోడకు తగిలించిన, వచ్చు నర్సుకు ఎంతయో సాయము. మా మేనకోడలు ఒకటి వ్రాసినది. అందు మొదటి మాట సలుపు. అట్టి కాగితమును అచ్చువేయించి యింటింటికి పంచుటకు సంఘపు పెద్దలు పూనుకొందురని ఆశించుచున్నాము.