నడుం వంగకపోతేనేం

రండి, కుర్చీలోనే కూర్చోండి, చాప మీద వద్దు. మా సీతారామపురం పక్క కిందికి కూర్చున్న మనిషిని లేపడం మళ్లీ ఇద్దరి పని. ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడ్ నీళ్ల మాట కొత్తదేం కాదు గదా!

ఆ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయే ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 1937లో దీని గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు మన జిల్లావే; 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక అటు పోయాయి. డాక్టర్ల కంటే ముందే రైతులు పసిగట్టారంటారు. దుక్కిటెద్దులకు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతే కదా అనుమానం వచ్చింది! ఎద్దు లేవకపోతే ఊరంతా గుమిగూడుతుంది. ఇంట్లో అమ్మ లేవలేకపోతే మాత్రం 'వయసు మీద పడింది' అనేసి ఊరుకుంటాం.

ఇప్పుడు నేను చెప్పబోయేది అంశాల స్వామి సంగతి. నల్గొండ జిల్లా శివన్నగూడెం ఆయనది. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లకు చిన్నప్పుడే ఎముకలు వంకర్లు పోయాయి, ఎదుగుదల ఆగిపోయింది. ఆ జిల్లా గోడు ఎవరికీ పట్టలేదనే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ కాయితం పుస్తకమంత అయింది. 2003లో జల సాధన సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ అప్పటికి పిల్లవాడైన స్వామిని ఢిల్లీ తీసుకుపోయి, ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు.

ఆ సంగతి తలచుకుంటే నా మనసు రెండు రకాలుగా పోతుంది. చెప్పిన మాట చెవికెక్కనప్పుడు మనిషిని చూపించక ఏం చేస్తారు? కానీ జబ్బు మనిషి ఎల్లకాలం చూపించే వస్తువుగానే మిగిలిపోతే ఎట్టా? స్వామి అక్కడ ఆగలా. పెద్దయ్యాక పోరాటంలోకి తనే దిగాడు, తనే మాట్లాడాడు. బిగుసుకున్న ఎముక మంచినీళ్లొచ్చినా మళ్లీ వంగదు, అది ఆయనకు తెలియంది కాదు. అడిగిందంతా ఇంకా పుట్టని పిల్లల కోసమే. 2023 జనవరిలో బండి మీంచి పడి చనిపోయాడు, ముప్పై రెండేళ్లకే.

ఇక మన ఊళ్ల సంగతి. జల్‌జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలని ఉంది. చిన్న పెట్టె, అందులో మందు సీసా. నీళ్లలో మందు చుక్కలు పడగానే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువుంటే అది పసుపుకు తిరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటాయా, ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. 'కాచి చల్లార్చి తాగుతున్నాంలే' అంటారు కొందరు. అయ్యా, కాస్తే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది!

ఆ ఐదుగురిలో ఒకామెకు మోకాళ్లు మడవరావనుకోండి. ఆమెను కుళాయి కుళాయికీ తిప్పకండి. అరుగు మీద బల్ల వేసి, సీసాల్లో నీళ్లు పిల్లలతో తెప్పించండి. రంగు పోల్చి చూసేది కళ్లు, పుస్తకంలో ఎక్కించేది చెయ్యి. వీటికి మోకాళ్లతో ఏం పని? ఫ్లోరైడ్ తేలిందని సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వడానికి నెల్లూరు దాకా బస్సులో పోయొస్తే ఆమె రెండు రోజులు మంచం దిగలేదు. అందుకని కాయితం మీరు పట్టుకుపోండి, ఆఫీసరుతో మాట్లాడాల్సింది ఆమెకు ఫోను కలిపి ఆమెతోనే చెప్పించండి. నొప్పి సంగతి పడ్డవాళ్లు చెప్పినట్టు మనం చెప్పలేం. 'ఈ వారం నా వల్ల కాదమ్మా' అంటే మాత్రం 'అయ్యో, నువ్వు లేకపోతే ఎట్టక్కా' అని మొహమాటపెట్టొద్దు. వచ్చే వారం వస్తుంది. మీటింగు మేడ మీద పెట్టే పెద్దమనుషులకు ఇంకేం చెప్పాలో నాకు తోచదు.

అన్నట్టు, చింతపండు సంగతి విన్నారా? హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మగపిల్లలకు రోజూ పది గ్రాములు పెట్టి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందట. 2002లో అచ్చయింది. చారు తాగితే జబ్బు పోతుందని నేననడం లేదు సుమా! మంచినీళ్ల కోసం అర్జీ పెట్టాల్సిందే. అది ఎటూ కొన్నాళ్లు పట్టే పని, ఈలోగా చారు కాస్త పుల్లగా పెట్టించండి.