అతికించింది నేనే



ఆగస్టు దగ్గర పడుతోంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. ఆ రోజునే మనం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మోడల్స్ తయారు చేయించమని క్లాస్ గ్రూపులో మెసేజ్ త్వరలో మీకు వస్తుంది. అది రాకముందే, పోయినేడు నేను చేసిన ఒక పొరపాటు మీతో చెప్పుకోవాలి.

మా పుల్లలచెరువు నుంచి నాతోపాటే స్కూల్ బస్సెక్కే ఒక పాప అప్పుడు ఏడో తరగతి. చంద్రయాన్-3ని శ్రీహరికోట నుంచి మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ చేస్తానంది. అసలు రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు. యాభయ్యో వంతుకు తగ్గిస్తే 87 సెంటీమీటర్లు. రెండు పక్కలా ఉండే ఎస్200 బూస్టర్ల వ్యాసం 3.2 మీటర్లు, అంటే మోడల్‌లో 64 మిల్లీమీటర్లు. వాళ్ల నాన్న బోరు మోటార్లు బాగుచేస్తారు. ఇంటి వెనక పడి ఉన్న 63 ఎంఎం పైపు ముక్కలకు స్కేలు పెట్టి చూసి, "నాన్నా, ఇవే బూస్టర్లు" అందట. మధ్యభాగానికి 75 ఎంఎం పైపు మీద చార్టు చుట్టి చుట్టి 80 చేసింది.

అడుగున మంటల కోసం ఎర్ర ఎల్‌ఈడీ బల్బులు నాలుగు తెచ్చుకుంది. మొదటిదాన్ని 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించింది. ఒక్కసారి మెరిసి పోయింది. రెండోదీ అంతే. నాన్న పక్కనే ఉన్నారు గానీ, "ఎందుకు పోయిందంటావ్?" అని మాత్రం అడిగారట. మర్నాడు సైన్స్ సార్‌ని అడిగి తెలుసుకుంది. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. మిగతా 7 వోల్టుల భారం ఒక రెసిస్టర్ మీద పడాలి. 470 ఓంల రెసిస్టర్ పెడితే కరెంటు 15 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది. పోయిన రెండూ మళ్లీ కొనుక్కుని, ఒక్కో బల్బుకి ఒక్కో రెసిస్టర్ పెట్టింది. టంకం కూడా తనే వేసింది, నాన్న పక్కన కూర్చుని చూస్తుండగా.

స్టాండుకి మార్కాపురం పలక రాయి. మనలో చాలామంది అక్షరాలు దిద్దుకున్న రాయే. రాకెట్ ఎత్తుకి కింద బరువు కావాలి కదా! రాయికి నీళ్లు పోస్తూ మెల్లగా డ్రిల్ వేసింది మాత్రం నాన్నే. రాయి మీద ముప్పావు అంగుళం పైపు ముక్క నిలబెట్టి, దాని అడుగున ఇయర్‌ఫోన్ సాకెట్ పెట్టారు. రాకెట్ కింద నుంచి వేలాడే అర అంగుళం పైపు చివర ఇయర్‌ఫోన్ పిన్. పైపులో పైపు దిగితే పిన్ సాకెట్‌లో కూర్చుంటుంది. స్టీరియో పిన్‌లో మూడు భాగాలుంటాయి. ఒకటి బూస్టర్ల లైట్లకు, ఒకటి మధ్య లైట్లకు, మూడోది రెండింటికీ ఉమ్మడి. స్విచ్‌లు రెండూ రాయి మీదే. "రాకెట్ తొడిగేముందు రెండూ ఆపవలెను" అని పక్కనే చాక్‌పీసుతో రాసింది.

రెండు స్విచ్‌లెందుకు, అన్నీ ఒకేసారి వెలిగితే బాగుంటుంది కదా అన్నాను. "కాదు మిస్, నేల మీద బూస్టర్లే మండుతాయి. మధ్యలో ఇంజన్లు సుమారు 108 సెకన్ల తర్వాత అంటుకుంటాయి" అంది. బీఈడీ చదివినదాన్నే, నాకు తెలియదు.

ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లాక మోడల్స్ సర్దుతున్నాను. ముట్టుకుంటే రాకెట్ కొంచెం ఊగుతోంది. పొద్దున ప్రిన్సిపల్ వస్తారు, మీరంతా వస్తారు, పడిపోతే ఎలా అని భయమేసింది. క్షణాల్లో అతుక్కునే గమ్ తెచ్చి ఆ పైపుల సందులో ధారగా పోశాను. కదలకుండా నిలబడింది. మంచిపని చేశాననుకుని ఇంటికెళ్లాను.

పొద్దున ఒక్క లైటూ వెలగలేదు. నీళ్లలా పల్చగా ఉండే ఆ గమ్ కిందికి కారి సాకెట్‌లోకి దిగి గడ్డకట్టింది. కరెంటుకి దారి లేదు. విప్పుదామంటే రాకెట్ ఊడి రాదు. పాప బ్యాటరీ మార్చింది, స్విచ్‌లు చూసింది. చివరికి, "నేనే ఎక్కడో టంకం సరిగ్గా వేయలేదు మిస్" అంది.

ఆ మాట విన్నాక కూడా ఒక నిమిషం ఊరుకున్నాను. నిజం చెప్పడానికి మీతో ఎందుకు, ఆ పాపతోనే సిగ్గేసింది. తర్వాత చెప్పాను. "అతికించింది నేనే."

తను నన్నేమీ అనలేదు. "ఊగడానికే వదులుగా పెట్టాను మిస్, లేకపోతే ఊడిరాదు" అంది. బస్సు డ్రైవర్ దగ్గర హ్యాక్సా బ్లేడు తెచ్చి పైపు ముక్కను నేను కోశాను. తను పిన్ తీసేసి, మూడు వైర్లనీ రంగులు చూసుకుంటూ కలిపి టేపు చుట్టింది. స్టాండు పోయింది. రాకెట్‌ని గోడకి ఆనించాం.

ఆ రోజు మీలో కొందరు ఆ బల్ల దగ్గర ఆగారు. బూస్టర్ లైట్లు వెలిగాయి, మధ్యవి వెలగలేదు. "మధ్యలో లైటు పోయిందమ్మా" అన్నారొకరు. "పోలేదు అంకుల్, ఇంకా 70 సెకన్లుంది" అని పాప లెక్కపెడుతూనే ఉంది. కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు చివర్లో తనతో కలిసి లెక్కపెట్టారు. 108 అనగానే నల్ల రాయి మీద మరో రెండు ఎర్రటి వెలుగులు పడ్డాయి.

బహుమతి వేరే మోడల్‌కి వచ్చింది. సాయంత్రం బస్సు దిగాక వాళ్ల నాన్నగారికి క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వి, "విప్పలేనట్టు బిగిస్తే రిపేరుండదు మేడమ్" అన్నారు. వారం తిరక్కముందే అదే రాయి మీద కొత్త పైపు, కొత్త సాకెట్ వచ్చాయి. గమ్ మరక మాత్రం అలాగే ఉంది.

అందుకే ఈసారి మెసేజ్‌లో "ఆకర్షణీయంగా ఉండాలి" అనే మాట నేను రాయను. మీరు కూడా రెడీమేడ్ మోడల్ కొనకండి. రెండు బల్బులు పోతే పోనివ్వండి, వాటి ఖరీదు తక్కువే. ఇంటి కరెంటు జోలికి పోకుండా బ్యాటరీతోనే చేయించండి. టంకం, డ్రిల్ దగ్గర మీరు పక్కనుండండి. అర్ధరాత్రి పిల్లలు పడుకున్నాక మోడల్ కొంచెం వంకరగా కనిపిస్తే, దయచేసి ముట్టుకోకండి. పొద్దున లేచాక వాళ్లనే అడగండి.

నేనూ అడుగుతాను.

మీ పిల్లల టీచర్