నిజాం ఆనాడే గద్దె దిగి ఉంటే

సైనిక్‌పురి సికింద్రాబాద్‌లో మాజీ సైనికాధికారుల కోసం వెలసిన కాలనీ. ఇక్కడ పొద్దుటి నడకలో కబుర్లు ఎక్కడ మొదలైనా ఏదో ఒక యుద్ధం దగ్గర తేలతాయి. మా వీధి కల్నల్ గారిది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: 1917 మార్చిలో రష్యా చక్రవర్తి రెండో నికొలస్ తన కొడుకుని పక్కన పెట్టకపోతే ఏమయ్యేది?

ప్స్కోవ్‌లో ఆగిన రైలు పెట్టెలో నికొలస్ ముందు కొడుకు అలెక్సీకే గద్దె ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. పిల్లవాడికి పన్నెండేళ్లు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు. వైద్యుడితో మాట్లాడాక తండ్రి మనసు మారింది. కొడుకు హక్కు కూడా వదిలేసి తమ్ముడు మిహయీల్ పేరు రాశాడు. మర్నాడు ఆ తమ్ముడూ కాదన్నాడు. మూడు వందల ఏళ్ల రొమానోవుల పాలన అంతటితో సరి.

ఆ మాట వచ్చినప్పుడల్లా నా ఆలోచన మన హైదరాబాద్ మీదికే పోతుంది. ఇక్కడా ఒక తండ్రి కొడుకుని పక్కన పెట్టాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు పెద్దకొడుకు ఆజం జా ఖర్చులూ అప్పులూ గిట్టలేదు. నిజాం సైన్యానికి పేరుకు సర్వసేనాధిపతి అయిన ఆ కొడుకుని కాదని మనవడు ముకర్రం జాను వారసుణ్ని చేశాడు. 1967 ఫిబ్రవరి 24న నిజాం పోయేనాటికి ఆ వారసత్వంలో మిగిలింది బిరుదూ, భరణమూ, తెగని ఆస్తి తగాదాలూ. 1971లో రాజభరణాలూ రద్దయ్యాయి. ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల పెంపక క్షేత్రం నడిపాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే ఇక్కడికి తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

నన్ను వదలని రాత్రి మాత్రం 1967ది కాదు, 1947 అక్టోబర్ 27ది. భారత ప్రభుత్వంతో ఉన్న సంబంధాలను అలాగే కొనసాగించే యథాతథ ఒప్పందానికి నిజాం మంత్రిమండలి ఆరుగురు ఔనని, ముగ్గురు కాదని తేల్చింది. నిజాం ఒప్పుకున్నాడు, సంతకం మర్నాటికి వాయిదా వేశాడు. 27 తెల్లవారుజామున, ఒప్పందం కోసం ఢిల్లీ బయల్దేరవలసిన ప్రధాని ఛతారీ నవాబు, నిజాం సలహాదారు వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్‌ల ఇళ్లను ఇత్తెహాద్ పార్టీ జనం చుట్టుముట్టింది. వాళ్లు ఢిల్లీ వెళ్లలేకపోయారు. నిజాం ఆ పార్టీ నాయకుడు, రజాకార్ల అధిపతి ఖాసిం రజ్వీ మాటకు తలొగ్గాడు. ఛతారీ నవాబు తప్పుకున్నాడు, లాయఖ్ అలీ ప్రధాని అయ్యాడు. నవంబర్ 29న సంతకం పెట్టింది దాదాపు అవే షరతుల మీద. ఈలోగా పగ్గాలు రజ్వీ చేతికి పోయాయి.

ఆ తెల్లవారుజామునే నిజాం ఒప్పందం మీద సంతకం పెట్టి, మనవడికి గద్దె అప్పగించి ఉంటే? ముకర్రం జాకు అప్పటికి పద్నాలుగేళ్లు. అతని తరఫున పాలించడానికి తల్లి దుర్రుషెహ్వార్ ఉంది. ఒట్టోమన్ ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు. 1924లో పదేళ్ల వయసులో తండ్రితో దేశం విడిచిన మనిషి. సింహాసనం ఎలా కూలుతుందో కళ్లారా చూసింది. ఆమె అయితే ఢిల్లీతో రాజీకి వచ్చేదని నా నమ్మకం.

"జాగీర్దార్లు ఊరుకుంటారా? రజ్వీ ఊరుకుంటాడా?" అంటారు కల్నల్ గారు. నిజమే. గద్దె మీద మనిషి మారినంత మాత్రాన వెట్టి పోయేది కాదు. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక రైతులు ఎత్తిన కర్ర దింపేవారూ కాదు. ఆ పోరాటం జరగవలసిందే. కానీ 1948 ఆగస్టులో పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్య, రజాకార్ల బైరాన్‌పల్లి ఊచకోత తప్పేవేమో. సెప్టెంబర్ 13న పోలీసు చర్య పేరుతో భారత సైన్యం రావలసిన పనీ ఉండేది కాదు. ఐదు రోజుల్లో నిజాం సైన్యాన్ని నడిపిన ఎల్ ఎద్రూస్ ఈ సికింద్రాబాద్‌లోనే భారత సైన్యపు జనరల్ చౌధురికి లొంగిపోయాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆ దాడిలోనూ, ఆ తర్వాతా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని పండిత సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఎక్కువమంది సాధారణ ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రానేలేదు.

అందుకే నా దృష్టిలో నిజాం చేసిన పెద్ద తప్పు కొడుకుని పక్కన పెట్టడం కాదు, ఆ రాత్రి దిగిపోకపోవడం. రజాకార్ల దాడులైనా, పోలీసు చర్య తర్వాతి హింస అయినా చూసినవారు మీ ఇంట్లో ఉంటే వాళ్లకిప్పుడు ఎనభై దాటి ఉంటుంది. ఈ వారమే కూర్చోబెట్టుకుని అడగండి. ఊరి పేరుతో సహా రాసిపెట్టండి.